ఎవరిని చూసి కదులుతారు?

మచిలీపట్నం,
ఆగస్టు 3.

అత్తయ్యకు,

ముందు వందనాలు, తర్వాత సంజాయిషీ. రెండు నెలలుగా నీకు ఉత్తరం రాయలేదని నాన్న గుడివాడ నుంచి ఫోన్ చేసి మరీ తిట్టారు. “మా చెల్లెలికి చెవులు పోతే పోయాయి, కళ్ళున్నాయి కదే, రెండు ముక్కలు రాయలేవా” అని. నీకేమో ఫోన్‌లో హోరు తప్ప ఏమీ వినపడదు. తోమాసు మావయ్యతో చెప్తే పావు వంతు నీకు చేరుతుంది, ముప్పావు ఆయన రొయ్యల చెరువులో పడిపోతుంది. కాబట్టి ఉత్తరమే గతి.

నా ఉద్యోగం ఏమిటని పోయినసారి అడిగావు. మనిషి ఒక నిర్ణయం ఎలా తీసుకుంటాడో లెక్కల్లో పట్టుకోవడం. నవ్వకు. నువ్వు మనిషిని ఎదురుగా నిలబెట్టి టేపుతో నాలుగు కొలతలు తీసుకుంటావు. ఆ నాలుగు అంకెల్లో మనిషి ఉండదు, అయినా జాకెట్టు సరిపోతుంది. మేమూ అంతే. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఎవరు ఇల్లు విడిచి షెల్టర్‌కి వెళ్తారు, ఎవరు వెళ్ళరు, ఎంతసేపు తటపటాయిస్తారు అని వందల ఇళ్ళను అడుగుతాం. ఆ జవాబులన్నీ కలిపి ఒక మోడల్ కడతాం. రేపు నిజంగా హెచ్చరిక వస్తే ఏ ఊరు తనంతట తాను కదులుతుందో, ఏ ఊరిని బతిమాలాలో అది చెప్పాలి. ముందు బస్సులు ఎటు పంపాలో దాన్ని బట్టే తేలుస్తారట.

దివిసీమలో మేం తీసుకున్న ఊళ్ళలో మీ సీయోనుపేట కూడా పడింది. మా ప్రొఫెసర్ ధనుంజయరావు గారు, “మీ మేనత్త ఊరు కదమ్మా, నువ్వు అటు అడుగు పెట్టకు, జవాబులు వంకర పోతాయి” అన్నారు. అందుకని మాతో పనిచేసే ఆనంద్ వస్తాడు. అతనికి మజ్జిగ ఇవ్వు, సలహాలు ఇవ్వకు.

అమ్మ పెడన నుంచి కలంకారీ గుడ్డ తెప్పించింది. జాకెట్టుకి నీకే పంపుతుందట, గుడివాడలో అంతమంది టైలర్లున్నా.

నీ మేనకోడలు,
సుచిత్ర


సీయోనుపేట,
ఆగస్టు 14.

సుచిత్రకు దీవెనలు. కాస్త చీవాట్లు కూడా, రెండు నెలలకి వడ్డీ.

నీ ఆనంద్ వచ్చాడు, వెళ్ళాడు. మంచి కుర్రాడే గానీ ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే పెన్ను తెరుస్తాడు. ఆదివారం ఆరాధన అవ్వగానే అందరినీ చర్చి వరండాలో కూర్చోబెట్టి కాగితాలు పంచాడు. అదే వాడు చేసిన తప్పు. చర్చిలో కాగితం పంచితే మా ఆడాళ్ళకి అది బైబిలు పరీక్షే. “హెచ్చరిక అందగానే వెళ్తారా?” అని ఉంటే, ఒకరి కాగితంలోకి ఒకరు తొంగిచూసి అందరూ “వెళ్తాం” మీదే టిక్కు పెట్టారు. పాసవ్వాలి కదా! నేనూ పెట్టాననుకో. మేనకోడలి ఉద్యోగం, తప్పు రాస్తే ఎలా?

మిగతా ప్రశ్నలు మాత్రం మర్నాడు ఇంటింటికీ తిరిగి నోటితో అడిగాడు. పన్నెండో ప్రశ్న ఎవరు రాశారే? “ఇల్లు విడిచి వెళ్ళాలా వద్దా అన్నది మీరు ఎవరిని చూసి తేల్చుకుంటారు?” ఎవరిని చూస్తాను? దేవుణ్ణి చూస్తాను అన్నాను, రాసుకున్నాడు. డెబ్బై ఏడు ఉప్పెన నాటికి నాకు పదేళ్ళు. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. నన్ను చర్చి డాబా ఎక్కించింది దేవుడు కాక మరెవరు?

ఇదివరకటి హెచ్చరికలకి ఏం చేశారని కూడా అడిగాడు. నీకు తెలిసిన సంగతే. మొదటిసారి టీవీలో చెప్పీ చెప్పగానే మూట కట్టుకుని వెళ్ళాను. గాలి లేదు, వాన లేదు, తుఫాను ఒరిస్సా వైపు తిరిగిపోయింది. ఇంటికొచ్చి చూస్తే నా కుట్టుమిషను తల లేదు. బల్ల, చక్రం మిగిలాయి. ఆ రోజు ఊళ్ళో ఉన్నది మా తోటికోడలు రూతు ఒక్కతే. మీ పెదమావయ్య మంచం మీద ఉన్నాడని కదల్లేదు. “నువ్వుండగా ఎలా పోయిందే?” అని అడిగాను. అడగకూడదా? ఆ ఒక్క మాటకి నాతో పలకడం మానేసింది. ఆయన పోయినప్పుడు వెళ్ళి పక్కన కూర్చున్నా తల ఎత్తలేదు. చిన్నప్పుడు ఒకే పలక మీద రాసుకున్నవాళ్ళం, ఒకే ఇంటికి కోడళ్ళమై వచ్చినవాళ్ళం. సరే, దాని ఇష్టం.

రెండోసారి హెచ్చరిక వస్తే నేను గడప దాటలేదు. పదిమంది లేస్తే లేద్దామని కూర్చున్నాను, ఎవరూ లేవలేదు. రూతు ఒక్కతే మా ఊరి కాంతారావు ట్రాక్టర్ ఎక్కి షెల్టర్‌కి వెళ్ళింది, నా గుమ్మం ముందు నుంచే, ముక్కు ఎగరేసుకుంటూ. అప్పుడూ ఏమీ రాలేదు. ఇక ఊళ్ళో అందరికంటే ముందు లేచి నవ్వులపాలు కావడం నా వల్ల కాదు. నలుగురూ లేస్తే వాళ్ళతో నేనూ.

జాకెట్టు చేతులు మోచేతి దాకానా, పొట్టివా? మీ అమ్మని అడిగి రాయి.

మీ అత్తయ్య,
సంతోషమ్మ


మచిలీపట్నం,
సెప్టెంబరు 2.

అత్తయ్యా,

ఈ ఉత్తరం చదివాక చించెయ్. నేను నీకు చెప్పకూడనివి ఇందులో ఉన్నాయి. వారం రోజులుగా నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే మళ్ళీ ఆ అంకెల దగ్గరికే వచ్చి కూర్చుంటున్నాను.

మీ టిక్కులు నమ్మిన మోడల్, సీయోనుపేట మొదటి హెచ్చరికకే మొత్తం కదిలిపోతుందని తేల్చింది. మా ఊళ్ళ జాబితాలో మీరే బుద్ధిమంతులు. అంటే ముందు బస్సులు మీకు రావు. అది బైబిలు పరీక్షయి కూర్చుందని ధనుంజయరావు గారికి చెప్పాను. “మీ మేనత్త ఉత్తరం డేటా కాదమ్మా” అన్నారు. మళ్ళీ అడగాలంటే రెండో విడత దాకా, డిసెంబరు దాకా ఆగాలి. తుఫాన్లు ఆగుతాయా?

అది ఒకటైతే, రెండోది నీ గురించి. పన్నెండో ప్రశ్నకి మీ ఊళ్ళో ఇంచుమించు ఇంటింటా ఒకటే జవాబు. “మిషను సంతోషమ్మ గారు.” ఒకామె “ఆవిడ మూట కడితే మేమూ కడతాం” అంది. ఇంకొకాయన “సంతోషమ్మ గారి గుమ్మం చూస్తామండీ” అన్నాడు. వెనక్కి వెళ్ళి చూశాను. మొదటిసారి నువ్వు వెళ్ళావు, వాళ్ళూ వెళ్ళారు. రెండోసారి నువ్వు కూర్చున్నావు, వాళ్ళూ కూర్చున్నారు. నువ్వేమో వాళ్ళు లేస్తే లేద్దామని చూస్తున్నావు. ఇలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఊరంతా కూర్చుంటే, నీళ్ళు ఎవరి మొహం చూసి ఆగుతాయి?

ఒక్క ఇల్లు మాత్రం తేడాగా వచ్చింది. నువ్వు వెళ్తే ఉంటుంది, నువ్వు ఉంటే వెళ్తుంది. లెక్కలో దాని ముందు మైనస్ గుర్తు పడింది. ఆనంద్ తప్పు రాసుకున్నాడనుకుని ఆ ఇంటిని తీసి పక్కన పెట్టాను. నీ పన్నెండో జవాబు కూడా ఖాళీ కిందే వెయ్యాల్సి వచ్చింది, మనిషి పేరు చెప్పలేదు కాబట్టి.

నీకు ఇదంతా చెప్తే పరిశోధన పాడవుతుంది. చెప్పకపోతే నాకు నిద్ర పట్టడం లేదు. అమ్మ జాకెట్టు చేతులు మోచేతి దాకానే.

సుచిత్ర


సీయోనుపేట,
సెప్టెంబరు 11.

సుచిత్రకి,

నా దేవుణ్ణి ఖాళీ అని రాశావా? మీ తాతయ్య సైకిలు మీద ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. ఆయన మనవరాలివి, దేవుడి పేరు చూసి గీత కొట్టేశావా? ఇదేనా మీ యూనివర్సిటీలో నేర్పేది?

నీ ఉత్తరం చదివిన రోజు నుంచి నాకు నడవడం చేతకావడం లేదు. బజారుకి వెళ్దామని సంచీ తీస్తే ఎదురింటామె “ఎక్కడికండీ?” అంది. రోజూ అడిగే మాటే. ఇప్పుడు మాత్రం సంచీతో సహా లోపలికి వచ్చేశాను. పాత దుప్పట్లు ఎండలో వేద్దామన్నా భయమే, మూట కడుతున్నాననుకుంటారేమోనని. రెండు జాకెట్లకి చంకలు తప్పు కత్తిరించాను. మిషను ముందు కూర్చుంటే వీపు మీద ఊరి కళ్ళన్నీ ఉన్నట్టుంది.

ఎవరు నన్నిలా నిలబెట్టమన్నారే? నేను సర్పంచినా, పాస్టరమ్మనా? నేను లేచి, నన్ను చూసి వీళ్ళంతా లేచి, తుఫాను మళ్ళీ పక్కకి పోతే ఊళ్ళో పోయిన ప్రతి వస్తువుకీ నేనే జవాబు చెప్పాలి. లేవకుండా కూర్చున్నాక అది వస్తే, ప్రాణాలకి జవాబు చెప్పాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెలియనప్పుడు హాయిగా ఉన్నాను. మీ మోడల్‌కి తెలిస్తే తెలిసింది, నాకెందుకు చెప్పావు?

నేను మొండిదాన్నని, నా వల్ల ఊరు మునుగుతుందని కదా నీ ఉత్తరం సారం? అర్థమైంది.

ఇంకోటి. ఆ మైనస్ ఇల్లు ఎవరిదో నువ్వు దాచక్కర్లేదు. ఆనంద్ తప్పేమీ రాయలేదు. అది రూతు. నేను ఎడ్డెమంటే అది తెడ్డెమంటుంది. ఆ ముక్క చెప్పడానికి అన్ని లెక్కలెందుకు?

నా పేరు మీ లెక్కల్లోంచి తీసెయ్.

సంతోషమ్మ


మచిలీపట్నం,
సెప్టెంబరు 24.

అత్తయ్యా,

ఉత్త “సంతోషమ్మ” అని సంతకం పెట్టావు. నేను పుట్టినప్పటి నుంచి నువ్వలా పెట్టింది లేదు. బీచ్ దాకా వెళ్ళాను, కూర్చోలేక తిరిగొచ్చాను.

నువ్వు మొండిదానివని నేను ఎక్కడా రాయలేదు. నీ వల్ల ఊరు మునుగుతుందని కాదు, నీ వల్ల ఊరు లేస్తుందని రాశాను. దేవుడి విషయం కూడా అంతే. మేం పెట్టుకున్న గళ్ళలో మనుషుల పేర్లకే చోటుంది. అది మా గళ్ళ లోపం, ఆయనది కాదు. తాతయ్య ఉండి ఉంటే నాకు ఈ మాత్రం చెప్పుకునే అవకాశం ఇచ్చేవారు.

రూతు అత్తయ్య ఇంటిని మళ్ళీ లెక్కలోకి తెచ్చాను. ధనుంజయరావు గారు కళ్ళద్దాలు తీసి మరీ కోప్పడ్డారు. “గ్రాఫులో రెండు చుక్కలుంటే ఎవరైనా వాటి మీదుగా గీత గీస్తారు. మూడో చుక్క పడ్డాక నాతో మాట్లాడు” అన్నారు. ఆయన అన్నది న్యాయమే. మా పనిలో మొదట నేర్పే పాఠమే అది. కాని మీ ఊరికి మూడో చుక్క అంటే మూడో తుఫాను, అత్తయ్యా. ఈసారి అది తిరిగిపోతుందని ఎవరు చెప్పగలరు?

ఆ మైనస్ పంతమే అని నువ్వంటున్నావు. కావచ్చు. మోడల్‌కి మనిషి ఏం చేస్తుందో కనపడుతుంది, ఎందుకు చేస్తుందో కనపడదు.

ఒక్కటే అడుగుతాను. హెచ్చరిక వస్తే ఈ ఒక్కసారి అందరికంటే ముందు లేవవా? నవ్వితే నవ్వుతారు. నవ్వడానికి అందరూ ఉంటారు కదా.

నీ సుచీ


సీయోనుపేట,
అక్టోబరు 6.

నీ ఉత్తరం అందింది. మీ అమ్మ జాకెట్టు కుట్టడం అయ్యింది, గుడివాడ వెళ్ళే వాళ్ళతో పంపాను. మావయ్య క్షేమం. నేను క్షేమం. ఇంకేం లేదు.

సం.


మచిలీపట్నం,
అక్టోబరు 21, పొద్దున.

అత్తయ్యా,

అవనిగడ్డ బస్సు కండక్టరుకి ఇచ్చి పంపుతున్నాను, అక్కడి నుంచి కాంతారావు గారు తెచ్చి ఇస్తారు. మావయ్య ఫోన్ కలవడం లేదు.

తుఫాను మన వైపే వస్తోంది. టీవీలో చూసే ఉంటావు. ఇది తిరిగే రకం కాదంటున్నారు, రేపటికి తీరం తాకుతుంది. నేను కంట్రోల్ రూంలో ఫోన్ల దగ్గర కూర్చున్నాను. బస్సులు వెళ్ళే వరసలో సీయోనుపేట చిట్టచివర ఉంది. బుద్ధిమంతుల ఊరు కదా, తనంతట తానే కదులుతుందట. అందరి కాళ్ళూ పట్టుకుంటున్నాను, వరస మారడం లేదు.

కాంతారావు గారి ట్రాక్టర్లు రెండూ సిద్ధంగా ఉంటాయి, మాట్లాడాను. ఎక్కేవాళ్ళే కావాలి.

నువ్వు లేవాలి. నా మీద కోపం తర్వాత తీర్చుకో, బతికుండి తీర్చుకో.

సుచీ


అవనిగడ్డ, హైస్కూలు,
అక్టోబరు 25.

సుచీ,

అందరం బతికే ఉన్నాం. ఆ మాట రెండుసార్లు చదువుకుని ఊపిరి పీల్చుకో, మిగతాది నిదానంగా చదువు.

నీ చీటీ వచ్చేసరికి నేను గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని ఒక లంగా అంచు సరిచేస్తున్నాను. బయట చూస్తే ఎండ కాస్తోంది. ఆకు కదలడం లేదు. ఇంత ఎండలో మూట కడితే నవ్వరూ? తలుపు దాకా వెళ్ళాను, వచ్చాను. అన్నం వండాను, తినలేదు. మీ మావయ్య “కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు, ఉంటే ఉండు, వెళ్తే వెళ్దాం పద” అన్నాడు. ఆ మనిషికేం, ఆయన్ని ఎవరు చూస్తున్నారు గనక?

చివరికి దుప్పట్లు, బియ్యం మూట కట్టి, అందరికీ కనపడేలా గుమ్మం మెట్టు మీద పెట్టి పక్కన నిలబడ్డాను. చెప్పుకుంటే నవ్వుతావు, కొంగు తల మీదికి లాక్కున్నాను. పెళ్ళిపీటల మీద కూడా అంత సిగ్గుపడలేదు. ఎదురింటామె నన్ను చూసింది, మూట చూసింది, లోపలికి వెళ్ళిపోయింది. నవ్వుకోవడానికి వెళ్ళిందనుకున్నాను. కాసేపటికి ఆమె మూట కూడా మెట్టు మీదికి వచ్చింది. తర్వాత పక్కింట్లో ముసలాయనకి చొక్కా తొడగడం కనిపించింది. ఆ వెనక వీధిలో కోళ్ళని గంపల కింద నుంచి తీస్తున్నారు. ఒక్కరు కూడా నన్ను “వెళ్దామా?” అని అడగలేదు సుచీ. నువ్వు చెప్పింది నిజమే. నాకు భయమేసింది, ఏడుపూ వచ్చింది.

ట్రాక్టర్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆఖరి ట్రిప్పు ఎక్కి ఎవరెవరు వచ్చారో చూసుకున్నాను. నీ మైనస్ ఇల్లు లేదు. రూతు తలుపుకి తాళం వేసి ఉంది, మనిషి ట్రాక్టర్ మీద లేదు. పంతానికైనా వేళాపాళా ఉండొద్దా అని ఒళ్ళు మండింది. మీ మావయ్య వద్దంటున్నా దిగి వెనక్కి వెళ్ళాను. ఎక్కడుందనుకున్నావు? మా ఇంటి వసారాలో. నా కొత్త మిషను పక్కన స్టూలు వేసుకుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఇక్కడేం చేస్తున్నావే?” అన్నాను. అన్నేళ్ళ తర్వాత దానితో నా మొదటి మాట అదీ.

“కాపలా,” అంది, నా చెవులకి అందేలా గట్టిగానే. “ఈసారి పోతే మళ్ళీ నన్నే అడుగుతావు, నువ్వుండగా ఎలా పోయిందే అని. అందుకే ఉన్నాను.”

“మరి ఆ మధ్య హెచ్చరికకి ముక్కు ఎగరేసుకుంటూ వెళ్ళిపోయావు?”

“అప్పుడు నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా. నీ మిషను నువ్వే చూసుకుంటావని వెళ్ళాను. నా ముక్కు ఎప్పుడూ ఇంతే.”

ఇన్నేళ్ళుగా నేను పంతం అనుకున్నది ఇదే. నీ మైనస్ గుర్తు తప్పు కాదు. దాన్ని అక్కడ పెట్టింది నా నోరు. అక్కడే కూలబడి ఏడవాలనిపించింది, కాని కాంతారావు ట్రాక్టర్ మీద నుంచి రెండు చేతులూ ఊపుతున్నాడు, ఆకాశం నల్లబడిపోయింది. మరలు విప్పి మిషను తల పైకెత్తి దాని ఒళ్ళో పెట్టాను. “కాపలా కాయాలనుంటే ట్రాక్టర్ మీద కాయి” అన్నాను. ఏమనుకుందో, కర్ర అక్కడ పడేసి, మిషనుని చంటిపిల్లలా ఎత్తుకుని నా ముందు నడిచింది. వాన మొదలైనప్పుడు తను తడుస్తూ కొంగు తీసి మిషను మీద కప్పింది.

తుఫాను వచ్చింది. నిన్న మీ మావయ్య వెళ్ళి చూసొచ్చాడు. చాలా ఇళ్ళకి పైకప్పులు లేవు. మా వసారా గోడ కూలి ఆ స్టూలు మీదే పడిందట.

ఇక్కడ స్కూల్లో రూతూ నేనూ ఒకే చాప మీద పడుకుంటున్నాం. ఇంకా పెద్దగా మాటల్లేవు. మిషను మా మధ్య ఉంది. ఎవరో పిల్లకి గౌను చిరిగితే నేను తొక్కే చక్రం లేదన్నాను, అది తలకున్న చిన్న చక్రాన్ని చేత్తో తిప్పి నాచేత కుట్టించింది.

ధనుంజయరావు గారికి మూడో చుక్క పడిందని చెప్పు. గీత మీద మాత్రం పడలేదు. నేనూ వెళ్ళాను, అదీ వచ్చింది. ఏం రాసుకుంటారో ఆయన ఇష్టం. ఆనంద్ మళ్ళీ వస్తే చర్చిలో కాగితాలు పంచొద్దని చెప్పు.

నా పేరు తీసెయ్యమన్నాను కదా, వద్దులే, ఉంచు. పన్నెండో జవాబు మాత్రం సరిచెయ్యి. నేను అబద్ధం చెప్పలేదు, ఉప్పెన నాడు నన్ను డాబా ఎక్కించింది దేవుడే. కాని మెట్ల మీద నుంచి వంగి నా జడ పట్టుకుని లాగింది పదేళ్ళ రూతు. అది పైకి ఎక్కుతుంటే దాన్ని చూసే నేనూ ఎక్కాను. పలకరింపులు లేని ఇన్నేళ్ళూ కూడా పొద్దున్నే తలుపు తీసి నేను ముందు చూసింది దాని గడపే. నువ్వు ఖాళీ అని వేసిన చోట రూతు అని రాయి.

మీ అత్తయ్య,
సంతోషమ్మ